అడగకుండా కట్టిన తాళి

పట్టాలు అందుకుంటున్న విద్యార్థులారా, వెనక వరుసల్లో కూర్చున్న వాళ్ల అమ్మానాన్నలారా!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల నుంచి వచ్చిన మీకు జోగిని ఎవరో నేను చెప్పక్కర్లేదు. ఎల్లమ్మ పేరున తాళి కట్టేనాటికి ఆ పిల్లకు ఊహ కూడా సరిగ్గా తెలియదు. ఆమెది దాదాపు ఎప్పుడూ దళితవాడే. పేరు దేవతది, అనుభవించేది ఊరి మోతుబరులు.

ఒళ్లమ్ముకోవడం పనా, హింసా అని ప్రపంచమంతా స్త్రీవాదులు ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారు. 1999లో స్వీడన్ కొనేవాణ్ణి నేరస్తుణ్ణి చేసి, స్త్రీని వదిలేసింది. 2003లో న్యూజిలాండ్ దాన్ని నేరాల జాబితాలోంచే తీసేసింది. రెండు వైపులా వాదన ఆమె ఇష్టం చుట్టూనే. పాలమూరు జోగినిని ఆ మాట అడిగినవాళ్లేరీ?

మనకూ ఈ తగవు పాతదే. తానూ దేవదాసి అయిన బెంగుళూరు నాగరత్నమ్మ, కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ను 1910లో అచ్చు వేయించింది. ఆడది తన కోరికను తానే రాసుకున్న కావ్యం అది. బూతన్నారు, ప్రభుత్వం నిషేధించింది. 1927లో ముత్తులక్ష్మీ రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసి ఆచారాన్ని ఆపాలని తీర్మానం తెస్తే, నాగరత్నమ్మ, ఆమె తోటివాళ్లు ఎదురు తిరిగారు: మా కళ, మా ఆస్తులు, మా గౌరవం ఏం కావాలని. చిత్రమేమంటే, పుస్తకం మీద నిషేధం తొలగిందీ, మద్రాసు దేవదాసి చట్టం వచ్చిందీ ఒకే ఏడు, 1947.

పసిపిల్లను అంకితమివ్వడం ఆగాల్సిందే. అందులో నేను ముత్తులక్ష్మి పక్షం. అయితే ఎవరి బతుకు మీద చట్టం రాస్తున్నామో వాళ్లను దూరంగా నిలబెట్టి రాయడం నాకు మింగుడుపడదు. కవి జాషువా కూతురు హేమలతా లవణం నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్యే తిరిగి పనిచేశారు. ఆ దారి నాకు నచ్చుతుంది. 1988లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంకితాన్ని నేరం చేసింది. ఇష్టంతో ఒళ్లమ్ముకునే వృత్తిలో ఉన్న వయోజన స్త్రీలను పోలీసులు వేధించకూడదని 2022 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు.

రేపు మీలో కొందరు టీచర్లవుతారు, ఇంకొందరు ఎస్సైలు. బడి ఫారంలో తండ్రి పేరు దగ్గర జోగిని బిడ్డ ఆగిపోతే, తల్లి పేరు రాయించి చేర్చుకోండి. జాతరకు ముందు ఫలానా ఇంట్లో తాళి కడుతున్నారని కబురొస్తే, ఆ తల్లిని తిట్టి వచ్చేయకండి. కట్టిస్తున్న పెద్దమనుషుల పేర్లు ఎఫ్‌ఐఆర్‌లో రాయండి.