గురుత్వ తరంగములు: ఖగోళ శాస్త్రమున నూతనాధ్యాయము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



మానవుడు అనాదినుండి ఆకాశమును వెలుగు సాయముననే చదివినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి రంగాపురపు 48 అంగుళముల దూరదర్శినియు వెలుగు నాశ్రయించినదే. మరి వెలుగే లేని వస్తువును తెలియుటెట్లు?

1915లో ఐన్‌స్టీన్ సాధారణ సాపేక్ష సిద్ధాంతమును ప్రకటించెను. దాని ననుసరించి దేశకాలములు ఎమ్మిగనూరు మగ్గముపై పడుగుపేకలవలె కలిసియున్నవి. మహాభారములైన వస్తువులు రెండు ఒకదాని చుట్టు నొకటి తిరిగినచో ఆ నేతలో అలలు పుట్టి కాంతివేగముతో నలుదెసలకు పోవును. ఇవియే గురుత్వ తరంగములు. 1916లో చెప్పిన యీ మాటకు ప్రత్యక్ష ప్రమాణము దొరకుటకు నూరేండ్లు పట్టినది.

పొలమును గొలుసుతో కొలుతురు. పొలముతోపాటు గొలుసును సాగినచో కొలత యెట్లు తేలును? కాంతివేగము మారదు గనుక శాస్త్రజ్ఞులు కాంతినే గొలుసుగా గైకొనిరి. అమెరికాలోని హాన్‌ఫర్డ్, లివింగ్‌స్టన్‌లందు మూలమట్టపు ఆకృతిలో నాలుగేసి కిలోమీటర్ల చేతులుగల లైగో యంత్రములను నిర్మించిరి. అల వచ్చినప్పుడు ఒక చేయి సాగును, రెండవది కుంచించును. రెంట తిరిగివచ్చు లేజరు కిరణముల పొందిక తప్పును.

2015 సెప్టెంబరు 14న ఆ తప్పు కనబడెను. సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరముల దూరమున, సూర్యునికి 36, 29 రెట్లు భారముగల రెండు కృష్ణబిలములు ఏకమైనవి. మొత్తము 65 కావలెను; మిగిలినది 62. లెక్కలో తగ్గిన మూడు సూర్యుల భారము తరంగశక్తియై వెడలినది. యంత్రపు చేతిలో కలిగిన మార్పు ప్రోటాను వ్యాసములో కొన్ని వందలవ వంతు మాత్రమే. 3000 కిలోమీటర్ల యెడమున నున్న రెండు యంత్రములును అదే సంకేతమును పట్టుటచే భ్రాంతి కాదని తేలినది. కలిసిన కృష్ణబిలము మ్రోగిన గంటవలె కంపించి నిలుచునని బెంగుళూరువాడైన విశ్వేశ్వర 1970లోనే గణించియుండెను. 2017లో వైస్, బారిష్, థోర్న్‌లకు నోబెల్ బహుమానము లభించెను.

2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ నక్షత్రముల కలయికనుండి తరంగమును, వెనువెంటనే వెలుగును వచ్చినవి. బంగారము వంటి బరువు మూలకములు అట్టి సంఘట్టనలందు పుట్టునని అందువలన తెలిసినది. ఆదోని అంగడిలో తూచు బంగారమున కొంతయైనను అట్టి నక్షత్రముల శేషమై యుండవచ్చును.

మన దేశమున మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియా నిర్మాణమునకు 2023 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వము 2600 కోట్ల రూపాయలు అనుమతించెను. “దీనివలన వాన కురియునా?” యని ఈ మెట్టసీమ రైతు అడుగుట న్యాయమే. కురియదు. అయితే, రాత్రివేళ చేనిలో వినవచ్చిన సద్దు ఏ దిక్కుదో తెలియుటకు రెండు చెవులు కావలసినట్లు, తరంగపు దిక్కు తెలియుటకు దూరదూరమున యంత్రములుండవలెను. అమెరికాకు అంత దూరమున నున్న మన యంత్రము లోకమునకంతకు ఆ సాయము చేయగలదు.

ఆ యంత్రశాలలో పనిచేయువారు ఆకాశమునుండి దిగిరారు. తెగిన ఒక్క పోగును కనిపెట్టగల కండ్లు ఈ ప్రాంతపు ఇండ్లలో గలవు. ఆ యిండ్ల బిడ్డలకు గణితమును, భౌతికశాస్త్రమును తెలుగున నేర్పు గ్రంథములు కావలెను. రజతోత్సవ నిధిలో ఒక భాగము అట్టి గ్రంథములకు ప్రత్యేకింపుడు. మరి యిరువదియైదేండ్లకు జరుగు స్వర్ణోత్సవ సభలో, ఈ బల్లలయొద్ద చదువుకొనిన బాలికయో బాలుడో వచ్చి, తాము కనుగొనిన దానిని ఈ యూరివారికి వివరింతురు గాక!