ఎవరికి లోబడి, ఎంతవరకు?



ఒకరికి లోబడి ఉండటం అనగానే మనకు తలవంపుగా తోస్తుంది. చట్టం చదివినవాడిగా నేను ముందు అడిగేది వేరు. ఏ విషయంలో లోబడాలి, ఎంతవరకు? పైవాడు బదులుగా ఏమివ్వాలి?

మన చంద్రపూర్ జిల్లా కోర్టునే తీసుకోండి. రాజ్యాంగం దాన్ని హైకోర్టు అదుపులో పెట్టింది. ఇక్కడిచ్చిన తీర్పును హైకోర్టు నాగపూర్ బెంచి అప్పీలులో కొట్టేయవచ్చు. కానీ విచారణ నడుస్తుండగా ఫలానావాడికి శిక్ష వెయ్యమని చెప్పే అధికారం అక్కడెవరికీ లేదు. బోనులో నిలబడ్డ సాక్షి తడబాటును కళ్లారా చూసి, ఆ మాట నమ్మాలో లేదో తేల్చేది ఇక్కడి జడ్జే.

అప్పుల్లోనూ ఇలాంటి ఏర్పాటు ఉంది. బ్యాంకు మునిగితే మిగతా అప్పులిచ్చినవాళ్లందరి తర్వాతే తీసుకుంటానని ఒప్పుకున్నవాడికి వడ్డీ కాస్త ఎక్కువిస్తారు. ఆ షరతు బరువెంతో 2020 మార్చిలో తెలిసింది. యెస్ బ్యాంకు అలాంటి 8,415 కోట్ల రూపాయల బాండ్లను ఒక్క దెబ్బకు రద్దు చేసింది. లోబడేవాడికి అర్థమయ్యేలా ముందే చెప్పకపోతే ఆ ఒప్పందం న్యాయమైనది కాదని నా నమ్మకం.

ఇక ఒకేసారి ఇద్దరికి లోబడినవాళ్ల సంగతి, మన జిల్లాలోని జివతి తాలూకాది. నేను ఈ సభకు వచ్చిందే దీని గురించి మాట్లాడటానికి. పరందోళి, ముకదంగూడ, అంతాపూర్ వంటి 14 ఊళ్లను ఇటు మహారాష్ట్ర, అటు తెలంగాణ తమవే అంటున్నాయి. రాజురా ప్రాంతం నిజాం కాలంలో ఆదిలాబాదు జిల్లాలోది. 1956లో నాందేడ్‌కు, 1959లో మన చాందా (చంద్రపూర్) జిల్లాకు వచ్చింది. ఆ పక్కనున్న ఈ ఊళ్ల హద్దు మాత్రం తెగలేదు. ఒకే మనిషికి రెండు ఓటరు కార్డులు, రెండు రేషన్ కార్డులు. ఒకే ఊరికి ఇద్దరు సర్పంచులు. ఒక బడిలో మరాఠీ, ఇంకో బడిలో తెలుగు.

వాళ్లకేం, రెండు చేతులా తింటున్నారని కొందరంటారు. ఆ మాట వింటే నాకు కష్టంగా ఉంటుంది. తరాలుగా దున్నుతున్న చేనుకు పట్టా కోసం అక్కడి రైతులు ఏళ్ల తరబడి తిరిగారు. పట్టా లేనిదే పంట రుణానికి బ్యాంకు గడప ఎక్కలేరు. ఓటు అడగటానికి రెండు రాష్ట్రాలూ వస్తాయి, భూమి నీదేనని రాసివ్వటానికి మాత్రం ఏళ్ల తరబడి ముందుకు రాలేదు. కోర్టులో ఓడినవాడికి అప్పీలుంది, బాండు కొన్నవాడికి వడ్డీ ఉంది. ఇద్దరికి లోబడిన ఈ రైతుకు దక్కిందేమిటి?

హద్దు తేలేదాకా ఆగమనటం అన్యాయం. గీత ఎటు పడినా ఆ చేను దున్నేది అతనే. రెండు రాష్ట్రాల రెవెన్యూవాళ్లూ కలిసి వెళ్లి, సాగులో ఉన్న భూమి కొలిచి, దున్నేవాడి పేరు ముందు రికార్డులో ఎక్కించాలి. ఊరు ఎవరిదన్నది తర్వాత తేల్చుకోవచ్చు.