అట్టముక్కే అచ్చుపలక



మా వసతి గృహంలో వారానికి ఎన్నో అట్టపెట్టెలు ఖాళీ అవుతాయి. ఆదివారం మధ్యాహ్నం వాటితోనే మేము అచ్చులు వేస్తాం. కొనేది ఫెవికాల్, రంగులు, కాగితమే. మిగతావన్నీ చెత్తబుట్టలోకి పోవాల్సినవే.

పద్ధతి చెబుతాం, మీ ఊళ్లో కూడా చేయండి. ఒక గట్టి అట్ట తీసుకోండి. దాని మీద కత్తిరించిన అట్టముక్కలు, నూలుదారం, ఎండుటాకు, గోనెపట్టా పీచు అంటించండి. అన్నీ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి, లేదంటే పల్లంలో ఉన్నది కాగితానికి తగలదు. పైన రెండు పూతలు ఫెవికాల్ పూసి, ఒక రోజు ఆరనివ్వండి. ఆ పూత లేకపోతే అట్ట రంగును పీల్చేస్తుంది. తర్వాత స్పాంజితో రంగు అద్ది, కాగితం పరిచి, గరిటె వెనుక భాగంతో రుద్దండి. దీన్నే కొలగ్రాఫ్ అంటారు.

పాలు, పళ్లరసాలు వచ్చే టెట్రా ప్యాక్ ఇంకో రకం. విప్పి కడిగితే లోపల వెండిలా మెరుస్తుంది. అక్కడ కంపాస్ ముల్లుతో గీయాలి. గీతల్లోకి రంగు రుద్ది, పైపైన పాతగుడ్డతో తుడిచి, తడిపిన కాగితం మీద గట్టిగా అదమాలి. గీతల్లో దాగిన రంగే బొమ్మవుతుంది.

అచ్చులో ఎడమ కుడి అవుతుంది. అందుకే పేరు తిరగేసి రాయాలి. అది తెలుగు అక్షరమైనా అంతే, మంగయి గొమాంగో 1936లో సవర భాషకు రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ అక్షరమైనా అంతే. తిరగేసి రాయడానికి ప్రతి గీతనూ చూడాలి. అలా చూస్తూనే పిల్లలు అక్షరం నేర్చుకుంటున్నారు.

ఇక అసలు మాట. సవర ఇళ్లలో గోడబొమ్మ అలంకారం కాదు. జబ్బు చేసినప్పుడు, పంట కోసం, పోయిన పెద్దల కోసం పూజతో వేసేది. మట్టిగోడ పోయి సిమెంటు గోడ వచ్చాక ఆ బొమ్మ తగ్గుతోంది. కాబట్టి అచ్చు వేసి కాపాడుకుందాం అని కొందరంటారు. పూజ లేని బొమ్మను వంద ప్రతులు తీస్తే మిగిలేది కాగితమే అని మా అభిప్రాయం. అందుకే పూజబొమ్మను మేము అచ్చు వేయం. కొండ, జీలుగు చెట్టు, కందికాయ, అమ్మమ్మ దువ్వెన, డప్పు, ఇవి వేస్తాం. గోడబొమ్మ గురించి తెలుసుకోవాలంటే ఇంటికెళ్లి ఎజ్జోడిని, అమ్మమ్మను అడిగి రమ్మంటాం.

ప్రతి పలకకూ కనీసం మూడు ప్రతులు తీస్తాం. ఒకటి బిడ్డకు, ఒకటి ఇంటికి, ఒకటి వసతి గృహం గోడకు. పండగకు గానీ ఇల్లు చూడని పిల్లకు, తన చేతి బొమ్మ ఇంటి గోడకు ఉందంటే ఎంతో ధైర్యం.

సంఘం పెద్దలను మేము అడిగేది డబ్బు కాదు. నెలకు ఒక ఆదివారం ఒక్క పెద్దావిడనో, పెద్దాయననో మా పిల్లల దగ్గరికి పంపండి. బొమ్మ వెనుక కథ వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి. అట్టముక్కలు మేము సిద్ధంగా ఉంచుతాం.