‘రన్’ అంటే పరుగు మాత్రమేనా?

(ప్లాటినం జూబ్లీ ఉత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

హోసూరు ప్రాంతంలోని ఒక తెలుగు మాధ్యమ పాఠశాల. ఏడవ తరగతి గదిలో ఆంగ్ల పాఠం సాగుతున్నది. ‘మై ఫాదర్ రన్స్ ఎ షాప్’ అనే వాక్యాన్ని తెలుగులో చెప్పమని ఉపాధ్యాయుడు అడిగాడు. ఒక బాలుడు ఉత్సాహంగా లేచి, ‘మా నాయన అంగడిని పరుగెత్తిస్తున్నాడు సార్’ అన్నాడు. తరగతి అంతా ఘొల్లున నవ్వింది. ఉపాధ్యాయుడు కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. బాలుడు తల వంచుకొని కూర్చున్నాడు. ఆ తరువాత చాలా రోజులు ఆంగ్లం గంటలో అతని నోరు పెగలలేదు.

పొరపాటు నవ్వదగినదే కావచ్చు. కాని అది ఎవరి పొరపాటు? ‘రన్ అనగా పరుగెత్తుట’ అని నోటు పుస్తకంలో వ్రాయించి, వల్లె వేయించినవారు పెద్దలే. నేర్చుకున్నదానిని ఆ బాలుడు నిజాయితీగా అప్పగించాడు. ఒక మాటకు ఒకే అర్థం ఉంటుందన్న అపోహ అతనికి బోధన వల్ల కలిగినదే.

నిజానికి ఆ చిన్న మాట విస్తృతి పండితులను సైతం ఆశ్చర్యపరిచింది. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు రెండవ కూర్పు 1989లో 20 సంపుటాలుగా వెలువడినప్పుడు, ‘సెట్’ అనే మూడక్షరాల మాట 430కి పైగా అర్థాలతో అన్నిటికంటె ఎక్కువ చోటు ఆక్రమించింది. తదుపరి సవరణలో ఆ స్థానం ‘రన్’కు దక్కింది. క్రియాపదంగానే దానికి 645 అర్థాలు ఉన్నట్లు 2011లో వెల్లడైంది. ఈ ఒక్క మాటను పరిష్కరించడానికి పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారునికి సుమారు తొమ్మిది నెలలు పట్టింది.

ఇన్ని అర్థాలు ఎలా లభించాయి? 1879లో ఆ నిఘంటువు సంపాదకత్వం చేపట్టిన జేమ్స్ మరే మహాశయునికి వేలాది పాఠకులు తాము చదివిన గ్రంథాలనుండి వాక్యాలను చీటీలపై వ్రాసి పంపారు. ఆ వాక్యాలను దగ్గర పెట్టుకొని, ఏ వాక్యంలో ఏ మాట ఏ పని చేస్తున్నదో పరిశీలించి, అర్థాలను వేరుపరచారు. ముందు వాక్యం, తరువాత అర్థం. తరగతి గదులలో ఈ వరుస తలక్రిందులైంది.

‘రన్’ అనే మాటను వాక్యాలలో పెట్టి చూడండి. పిల్లవాడు రన్ అయితే పరుగెత్తుతాడు. నది రన్ అయితే పారుతుంది. బస్సు రన్ అయితే నడుస్తుంది. ముక్కు రన్ అయితే కారుతుంది. సినిమా రన్ అయితే ఆడుతుంది. నాయకుడు ఎన్నికలలో రన్ అయితే పోటీ చేస్తాడు. తండ్రి అంగడిని రన్ చేస్తే నడుపుతాడు. క్రికెట్ ఆటగాడు తీసే రన్ పరుగుగానే మిగులుతుంది. ఆంగ్లంలో ఒక్క మాట మోసే బరువును తెలుగులో ఎన్ని క్రియలు పంచుకొంటున్నాయో గమనించండి. వీటిలో తెలుగు పిల్లవానికి తెలియని క్రియ ఒక్కటీ లేదు.

హోసూరు పిల్లవానికి మరొక సౌకర్యం కూడా ఉన్నది. అతడు ఇంట తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం వింటూ పెరుగుతాడు. తమిళంలోను, కన్నడంలోను ‘ఓడు’ అంటే పరుగెత్తు. తెలుగులో ‘ఓడు’ అంటే గెలుపు పోగొట్టుకొను. ఉదయం తమిళ మిత్రునితో ‘ఓడు, ఓడు’ అని అరిచిన పిల్లవాడే సాయంత్రం ఇంటికి వచ్చి ‘ఆటలో ఓడినామమ్మా’ అంటాడు. ఏనాడైనా తికమక పడ్డాడా? పడలేదు. ఎవరితో, ఏ సందర్భంలో, ఏ మాటల నడుమ అన్నాడో అతనికి తెలుసు. పైగా తమిళంలో నది ఓడుతుంది, బస్సు ఓడుతుంది, గడియారం ఓడుతుంది, సినిమా కూడా ఓడుతుంది. ఆంగ్లపు ‘రన్’కు ఇంత దగ్గరి చుట్టం అతని నాలుకపైనే ఉన్నది.

తెలుగులో మాత్రం అటువంటి మాట లేదా? ‘పారు’ ఉన్నది. కాలువలో నీరు పారుతుంది. దొంగ పారిపోతాడు. జూదరి పాచిక పారుతుంది. పాత తెలుగులో ‘పాఱు’ అంటే పరుగెత్తుట కూడా. ఇక ‘పట్టు’ను తీసుకోండి. చేపను పట్టుటకు, గొడుగు పట్టుటకు, బిడ్డకు పాలు పట్టుటకు, మరలో పిండి పట్టుటకు, ఇనుము తుప్పు పట్టుటకు, ప్రయాణానికి గంట పట్టుటకు ఆంగ్లేయుడు వేర్వేరు మాటలు వెదకుకొనక తప్పదు. ఆంగ్లం ముందు తెలుగు పిల్లవాడు ఎంత కష్టపడతాడో, తెలుగు ముందు ఆంగ్లేయుడూ అంతే కష్టపడతాడు.

పర్యాయపదాల సంగతీ ఇటువంటిదే. 1852లో లండనులో రోజెట్ అనే వైద్యుడు ఆంగ్ల పదాలను భావానుసారం కూర్చిన ‘థెసారస్’ను ప్రచురించాడు. తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. వీధిబడులలో అమరకోశం వల్లించారు. పైడిపాటి లక్ష్మణకవి అచ్చతెలుగు పదాలకు ‘ఆంధ్రనామసంగ్రహము’ రచించాడు. అయితే పర్యాయపదాలు ఒకదాని స్థానంలో మరొకటి గుడ్డిగా పెట్టదగినవి కావు. పరుగు పందెంలో ‘రేస్’, కొద్ది దూరం శక్తి కొద్దీ పరుగెత్తితే ‘స్ప్రింట్’, ఆరోగ్యం కోసం నెమ్మదిగా పరుగెత్తితే ‘జాగ్’, ప్రాణభయంతో పారిపోతే ‘ఫ్లీ’. తెలుగులో గుర్రం దౌడు తీస్తుంది, దొంగ పారిపోతాడు, లేడిపిల్ల ఉరుకుతుంది. మాట మారితే పరుగెత్తేవాని మనసు మారుతుంది.

అందుచేత ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మాటను ఒంటరిగా నేర్పవద్దు, వాక్యంలో నేర్పండి. ఆ వాక్యానికి తెలుగులో సహజమైన క్రియ ఏదో పిల్లలనే చెప్పనివ్వండి. తల్లిదండ్రులకు మరొక విన్నపం. ఆంగ్లం రావాలంటే తెలుగు మానాలన్న భయం వద్దు. ‘నడుపు’, ‘పారు’, ‘ఆడు’, ‘కారు’ అనే మాటల తేడా ఇంట్లో నేర్చుకున్న బిడ్డకే ‘రన్’లోని తేడాలు సులభంగా పట్టుబడతాయి. పొరపాటు చేసిన పిల్లవానిని చూచి నవ్వితే పోయేది ఒక మార్కు కాదు, మరల లేచి నిలబడే ధైర్యం.

ఆ ఏడవ తరగతి బాలుని కథ అంతటితో ముగియలేదు. కొన్నాళ్ల తరువాత, సినిమా వంద రోజులు ‘రన్’ అయిందన్న వాక్యం పాఠంలో వచ్చింది. తరగతి మౌనంగా ఉన్నది. వెనుక బెంచీలోనుండి ఒక చేయి మెల్లగా లేచింది. ‘తమిళంలో పడం నూరు నాళ్ ఓడిచ్చు అంటారు గదా సార్, ఇదీ అదే. తెలుగులో వంద రోజులు ఆడింది అనాల.’

ఈసారి ఎవ్వరూ నవ్వలేదు. ఉపాధ్యాయుడు ఆ వాక్యాన్ని మూడు భాషలలోను నల్లబల్లపై వ్రాసి, బాలుని ముందు బెంచీకి పిలిచాడు.

అటువంటి చేతులు ప్రతి తరగతిలోను లేచుగాక! శుభం.