ఆరు చుక్కల చుట్టరికము



కర్నూలునుండి కడపకు పోవువారు నంద్యాల, మైదుకూరుల మీదుగా పోవుట వాడుక. మేము మాత్రము గడచిన మాఘమాసమున డోను, గుత్తి దారి పట్టి, అనంతపురము చుట్టి పోయితిమి. మా వెంట స్పెయిన్ దేశమునుండి వచ్చిన కళాకారులు ఎనమండుగు రుండిరి. మన చెక్కభజన వారికి చూపి, వారి ఆటపాటలు మనము చూచుటకై ఏర్పడిన పర్యటన అది. కర్నూలు ప్రదర్శన ముగిసినది. కడపది మిగిలి యున్నది. నడుమ అనంతపురము చూడవలెనని అతిథులే పట్టుపట్టిరి.

అందుకు కారణము లేకపోలేదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురమునకు వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నెలకొల్పి, 2009లో ఆ ఊరనే కన్నుమూసెను. ఆయన దేశమున నేటికిని ఎన్నో కుటుంబములు ఈ కరవుసీమ పిల్లల చదువునకు సొమ్ము పంపుచున్నవి. అట్టి కుటుంబములలో పెరిగినవారు మా అతిథులలో ఇద్దరుండిరి. బుక్కరాయసముద్రమున ఆ సంస్థవారు అంధ బాలబాలికలకై నడుపు పాఠశాలకు వారితో మేమును వెళ్లితిమి.

మొదట మా తెలివితక్కువ చెప్పుకొనవలెను. పిల్లలకు కానుకలుగా మేము కర్నూలునుండి కొండారెడ్డి బురుజు రంగుల చిత్రములు తీసికొనిపోయితిమి! ఒక బాలుడు దానిని రెండువైపుల తడవి, "నున్నగా ఉండాది సార్. ఏంది ఇది?" అని అడిగెను. మేము బదులు చెప్పలేక తలలు వంచుకొంటిమి. అంధుల బడికి పోవుచున్నామని తెలిసియు మేము మా కన్నులకు నచ్చినదే కొంటిమి.

ఆ పూట మా పరువు కాపాడినది అతిథులలో ఒక గాయని. ఆమె పుట్టుకతోనే చూపులేనిది. స్పెయిన్‌లో అంధులకు 1938నుండి తమదైన జాతీయ సంస్థ యున్నది. లాటరీ టిక్కెట్ల అమ్మకముతో అది తన వారికి చదువు, ఉపాధి కల్పించుచున్నది. ఆమెయు అక్కడ బ్రెయిలీ నేర్చినదే. తెలుగు అక్షరము ఒక్కటియు ఎరుగదు. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె తన బ్రెయిలీ పలకపై ఏమో పొడిచి, కాగితము త్రిప్పి ఆమె చేతి కిచ్చెను. గాయని వ్రేలు నడపి, "బిను" అని చదివెను. తరగతి గొల్లుమన్నది. "బి కాదక్కా, వి! విను!" స్పానిషు భాషలో వకారము బకారముగనే పలుకునని దుబాసి చెప్పెను. తప్పు పలుకుబడిదే గాని చదువుది కాదు.

ఇది ఎట్లు సాధ్యమైనదని మాకు ఆశ్చర్యము కలిగెను. అయ్యవారు వివరించిరి. నిలువున రెండు వరుసలు, వరుసకు మూడు చుక్కలు. ఈ ఆరింటిని మార్చి కూర్చిన అరువదిమూడు గుర్తులగును. ఫ్రాన్సు దేశపు అంధుడు లూయీ బ్రెయిలీ 1829లో దీనిని ప్రకటించెను. మన దేశమున కొంతకాలము భాషకొక తీరున గుర్తులు వాడుటచే, ఒకరి పుస్తకము మరొకరికి కొరగాకుండెను. 1949లో భారత ప్రభుత్వము యునెస్కోను ఆశ్రయించెను. మొదటి ప్రపంచయుద్ధమున గాలిపోలివద్ద చూపు కోల్పోయిన న్యూజిలాండు వాసి క్లూతా మెకెంజీ ఈ పనికి పూనుకొనెను. 1951నాటికి భారతీ బ్రెయిలీ కుదిరినది. సాధ్యమైనంతవరకు ఏ భాషయైనను ఒక ధ్వనికి ఒకే గుర్తు. కనుకనే మన వకారము, ఇకారము, నకారము, ఉకారము స్పెయిన్ వ్రేళ్లకు ముందే తెలిసినవి.

అయినను చిక్కు లేకపోలేదు. బాలిక "కమల" అని వ్రాసి ఇచ్చెను. గాయని "క్, మ్, ల్" అని ఆగి, అచ్చు లేవని అడిగెను.

"మేము అ రాయమక్కా. ఉంటాదంతే."

ఈ మాటను దుబాసి స్పానిషులోనికి త్రిప్పుటకు మిక్కిలి తిప్పలు పడెను.

తరువాత పలక గాయని చేతికి వచ్చెను. చుక్కలు కాగితము వెనుకనుండి పొడువవలెను గావున కుడినుండి ఎడమకు వ్రాయుదురు. త్రిప్పినపుడు ఎడమనుండి చదువుదురు. ఆమె చేయి మన పిల్లల చేతులవలెనే కుడినుండి కదలెను. ఆమె వ్రాసినదానిని బాలిక "లలువిఅ" అని చదివెను. ఈ మారు నవ్వుట గాయని వంతు. అది వారి భాషలో "యూబియా" అట. వాన అని అర్థము. రెండు లకారములు కలిసి వారికి యకారమగును. పిల్లలు ఆ మాటను పదిమారులు పలికిరి. ఆ మాఘపుటెండలో మాకును ఆ మాట చల్లగా తోచెను.

బయలుదేరునపుడు బాలిక పరుగున వచ్చి మడచిన కాగితము గాయని చేతనుంచెను. తాడిపత్రి దాటిన పిమ్మట ఆమె దానిని విప్పి, మొదటిది వకారము, కడపటిది నకారము, నడిమిది తన కెన్నడును తగులని గుర్తు, అదేమని మమ్మడిగెను. మాలో పట్టభద్రులు నలుగురు, తెలుగు పండితుడొకడు. కాగితము చేతులు మారినది. అందరము చుక్కలు లెక్కించితిమి. ఒక్కరును చెప్పలేకపోయితిమి. కడపకు చేరినపిదప పాఠశాలకు ఫోను చేసి అడిగితిమి. అది దీర్ఘపు ఆకారమట.