ఆరోగ్యశ్రీ లెక్కల్లో మా వాడ ఎక్కడ?

(పరిశోధక విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ ఆరోగ్య పథకాల మదింపు గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నా పీహెచ్‌డీ పని కూడా దాని మీదే. మదింపు అనగానే పట్టికలు, గ్రాఫులు గుర్తొస్తాయి. వాటి దగ్గరికి వస్తాను. ముందు మా ఇంటి సంగతి చెప్తాను. ఎందుకంటే ఆరోగ్యశ్రీ గురించి నేను అడుగుతున్న ప్రశ్నలన్నీ అక్కడే పుట్టాయి.

మాది పాలమూరు జిల్లాలో ఒక మాదిగవాడ. 2007 ఏప్రిల్‌లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీని మొదటగా మూడు జిల్లాల్లో పెట్టింది. అనంతపురం, శ్రీకాకుళం, మహబూబ్‌నగర్. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు నాయినకు గుండెనొప్పి వచ్చింది. హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో స్టెంట్ వేశారు. తెల్ల రేషన్ కార్డు చూపించాం, అంతే. అంతకుముందు మా వాడలో అలాంటి జబ్బు వస్తే ఉన్నవి రెండే దారులు. పటేలు దగ్గర అప్పు, లేకుంటే ఇంట్లోనే చావు. కాబట్టి ఈ పథకం ఉత్తదే అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అది లేకుంటే మా నాయిన ఆ ఏడాదే పోయేవాడు.

తర్వాత ఏమైందో కూడా చెప్పాలి. స్టెంట్ వేసినాక ఏడాదిపాటు ఫాలో-అప్ కింద మందులు ఉచితంగా ఇచ్చారు. ఏడాది అయిపోయింది. గోళీలు మెడికల్ షాపులో కొనాల్సి వచ్చింది. పీహెచ్‌సీ మా ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. పోతే ఒకరోజు కూలి పోతుంది, పోయినా ఆ మందు ఉంటుందన్న నమ్మకం లేదు. నా హాస్టల్ ఖర్చులు చూసుకొని నాయిన రోజు మార్చి రోజు గోళీ వేసుకున్నాడు. నాలుగేళ్లకు బీపీ పెరిగి పక్షవాతం వచ్చింది. ఆరోగ్యశ్రీ రికార్డులో మాత్రం ఆయన కేసు విజయవంతంగా ముగిసింది.

రెండో కేసు మా చిన్నమ్మది. ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఆమెకు తెల్లబట్ట, కడుపునొప్పి. ఊళ్లో ఆర్‌ఎంపీ టౌన్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి పంపాడు. ఒక్క స్కానింగ్ తీసి గర్భసంచి తొలగించారు. మొన్న నా పరిశోధన కోసం మళ్లీ అడిగితే ఆమె చెప్పింది: "తీసెయ్యకుంటే క్యాన్సర్ అయితదన్నరు బిడ్డా. కార్డు ఉంది గదా, పైసలు పడవన్నరు. ఇంకేం అడుగుత?" ఇప్పుడామెకు నడుము వంగదు. నాట్లకు పిలవడం మానేశారు. ఆ ఆపరేషన్ కూడా రికార్డులో విజయవంతమైన కేసే.

ఈ రెండు కేసులనూ కలిపేది డబ్బు చెల్లించే పద్ధతి. ఆరోగ్యశ్రీ మొదట బీమా కంపెనీ ద్వారా, తర్వాత నేరుగా ట్రస్టు ద్వారా ఆసుపత్రులకు చెల్లించింది. రెండు పద్ధతుల్లోనూ మూలం ఒక్కటే, ప్యాకేజీ. ఈ ఆపరేషన్‌కు ఇంత అని ముందే ధర కడతారు. ఆపరేషన్ చేస్తేనే బిల్లు. బీపీ పెరగకుండా చూసినందుకు, తెల్లబట్టకు వారం రోజుల మందు ఇచ్చి పంపినందుకు ప్యాకేజీ లేదు. డాక్టర్లు మంచివాళ్లా చెడ్డవాళ్లా అన్నది ఇక్కడ చిన్న విషయం. దేనికి పైసలిస్తే అదే ఎక్కువ జరుగుతుంది. 2011లోనే రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ ఈపీడబ్ల్యూలో రాసిన వ్యాసం, ఈ నమూనాలో లాభపడుతున్నది ప్రైవేటు రంగమని శీర్షికలోనే చెప్పింది.

గర్భసంచి వ్యాపారం ఆరోగ్యశ్రీతోనే మొదలైందని నేను అనను. అంతకుముందు అప్పు చేసి చేయించుకున్న ఆడవాళ్లూ ఉన్నారు. కానీ కార్డు వచ్చాక అప్పు అనే అడ్డు కూడా పోయింది. ఫిర్యాదులు పెరిగాక ప్రభుత్వం ఆ ఆపరేషన్‌ను సర్కారు ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తొలగించినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇది మన రెండు రాష్ట్రాల సమస్యే కాదు. పేదల కోసం కేంద్రం పెట్టిన ఆర్‌ఎస్‌బీవై బీమా కింద బీహార్, ఛత్తీస్‌గఢ్‌లలో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు 2012లో బయటపడ్డాయి. దీనిపై డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బాధితుల్లో ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ ఆడవాళ్లేనన్న విషయం ఆ కేసులో కోర్టు ముందుకొచ్చింది. కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

ఇప్పుడు పట్టికల దగ్గరికి వద్దాం. 2018 సెప్టెంబరులో రాంచీలో ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. 2023 డిసెంబరులో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచాయి. ప్రభుత్వాలు మన ముందు పెట్టేవి ఈ అంకెలే. ఎన్ని కార్డులు, ఎన్ని అడ్మిషన్లు, ఎన్ని కోట్లు. అదే 2023లో కాగ్ నివేదిక ఏం చెప్పింది? జన ఆరోగ్య యోజనలో దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు ఒకే ఫోన్ నంబరుకు ముడిపడి ఉన్నారని. ఆ నంబరులో పది తొమ్మిదులు. కార్డుల లెక్కే ఇలా ఉంటే, ఆ కార్డు ఎవరికి ఏం చేసిందన్న లెక్క ఎలా ఉంటుందో ఊహించండి.

ఇంకో అంకె తరచూ వింటాం. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబు నుంచి పెట్టే వాటా 2013-14లో 64.2 శాతం ఉంటే, 2021-22లో 39.4 శాతానికి తగ్గింది. మంచిదే. కానీ గోళీ కొనలేక మానేసినవాడి జేబు ఖర్చు కూడా తగ్గినట్టే లెక్క. మా నాయిన రోజు మార్చి రోజు గోళీ వేసుకున్నప్పుడు ఆ లెక్కలో మా ఇల్లు బాగుపడింది.

సేవ అందే తీరు మరో విషయం. గుజరాత్, రాజస్థాన్ గ్రామాల్లో దళిత పిల్లలపై సంఘమిత్ర ఆచార్య చేసిన అధ్యయనం చదవండి. మందు ఇచ్చేటప్పుడు, పరీక్ష చేసేటప్పుడు తాకకపోవడం, ఇంటి గడప లోపలికి రాకపోవడం అందులో నమోదయ్యాయి. బీమా కార్డు ఈ అంటరానితనాన్ని తీసేయలేదు. 2023లో కేంద్రం హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్ల పేరును ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని మార్చింది. ఏ గుడి గడప తొక్కినందుకు మా పెద్దలు దెబ్బలు తిన్నారో, ఆ పేరే ఇప్పుడు మా దవాఖాన గోడ మీద ఉంది. ఆ దవాఖాన ఊడ్చేవాళ్లు ఎవరో, వాళ్లలో ఎందరికి పర్మినెంట్ ఉద్యోగం ఉందో మీకు తెలుసు.

బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1943లో, పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమా మీద బి.పి. అదార్కర్‌ను నియమించారు. 1948 ఈఎస్ఐ చట్టానికి పునాది అదే. ఈఎస్ఐలో లోపాలు లేవని కాదు. కానీ అక్కడ బీమాతోపాటు సొంత డిస్పెన్సరీలు, సొంత ఆసుపత్రులు కట్టారు. జబ్బు చేసిన రోజుల కూలికీ, కాన్పుకూ డబ్బిచ్చారు. వ్యవసాయ కూలీలు దాని బయటే మిగిలారు. అరవై ఏళ్ల తర్వాత వాళ్ల వంతు వచ్చేసరికి దవాఖాన రాలేదు, ప్యాకేజీ వచ్చింది.

మనం పరిశోధకులం కాబట్టి అడగాల్సినవి నాలుగున్నాయి. ఒకటి, ఏ ఆపరేషన్ ఏ కులం వాళ్లకు, ఏ వయసు ఆడవాళ్లకు ఎన్ని జరిగాయో పేర్లు లేకుండా జిల్లాలవారీగా ప్రకటించాలి. కులం లెక్క లేని మదింపును మనం ఒప్పుకోవద్దు. రెండు, ఉపాధి హామీకి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సోషల్ ఆడిట్ చేసి దేశానికి చూపించింది. ఆరోగ్యశ్రీకి అలాంటి ఆడిట్ వాడలో, గ్రామసభలో ఎందుకు జరగదు? డిశ్చార్జ్ అయిన ఏడాదికి రోగి ఇంటికి వెళ్లి చూడాలి. మూడు, 2017 జాతీయ ఆరోగ్య విధానమే మూడింట రెండు వంతుల నిధులు ప్రాథమిక వైద్యానికి అని రాసుకుంది. ఆ మాట ప్రకారం పీహెచ్‌సీలో బీపీ, షుగర్ మందులు ప్రతి నెలా దొరకాలి. నాలుగు, ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ నిధుల్లోంచి ఆరోగ్యానికి చూపించిన ప్రతి రూపాయి ఎవరి బిల్లుకు పోయిందో బయటపెట్టాలి.

ఇవన్నీ ఆర్టీఐ దరఖాస్తులతో మొదలుపెట్టగలిగిన పనులే. ఈ గదిలో ముప్పై మంది ఉన్నారు. తలా ఒక జిల్లా తీసుకున్నా రెండు రాష్ట్రాల్లో సగం పని అవుతుంది.

నేను వచ్చేముందు చిన్నమ్మ ఒక మాట అడిగింది. "నువ్వు రాసే పుస్తకంల నా పేరు ఉంటదా?" పేరు రాయకూడదు చిన్నమ్మా, అది పరిశోధన నియమం అన్నాను. "పేరొద్దులే. నాకెందుకు తీసిండ్రో అది రాయి" అంది. నా థీసిస్‌లో ఇంకా ఆ జవాబు రాయలేదు. అది రాయాలంటే ఆమె కేసు షీట్ కావాలి. దాని కోసం పెట్టిన దరఖాస్తుకు ఇంకా జవాబు రాలేదు. రెండోది పెట్టాను.

జై భీమ్.