డిలీట్ చేస్తే సరిపోతుందా? జాన్ న్యూటన్ కథ

మొన్న సికింద్రాబాద్ క్లాక్ టవర్ సిగ్నల్ దగ్గర ఆగితే, పక్క ఆటోలో ఎవరిదో ఫోన్ మోగింది. రింగ్‌టోన్ 'అమేజింగ్ గ్రేస్'. మీరూ ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఆ పాట రాసినాయన ఒకప్పుడు మనుషుల్ని అమ్మేవాడని తెలుసా?

పేరు జాన్ న్యూటన్. 1725లో లండన్‌లో పుట్టాడు. ఏడేళ్లు నిండకముందే తల్లి పోయింది. 11 ఏళ్లకే తండ్రితో ఓడెక్కాడు. 1744లో బ్రిటిష్ నేవీవాళ్లు బలవంతంగా పట్టుకెళ్లి హార్విచ్ అనే యుద్ధనౌకలో వేశారు. అక్కడ మిడ్‌షిప్‌మన్, అంటే చిన్న ఆఫీసర్ అయ్యాడు. పారిపోయి దొరికిపోతే, కొరడాతో కొట్టి ర్యాంక్ పీకేశారు. తర్వాత బానిసల ఓడకి మారాడు. ఆఫ్రికాలో ఒక వ్యాపారి దగ్గర తనే బానిసలా ఆకలితో మాడాడు.

1748లో తుఫానుకి ఓడ మునగబోయింది. దేవుణ్ని వేడుకున్నాడు, బతికాడు. అంతే, మనిషి మారిపోయాడని చాలామంది కథ ఇక్కడే ఆపేస్తారు. కానీ 1750 నుంచి 1754 దాకా బానిసల ఓడలకి కెప్టెన్‌గా మూడు ట్రిప్పులు వెళ్లింది ఆ తర్వాతే! పైన ప్రార్థన, కింద గొలుసుల్లో మనుషులు. చివరికి ఆయన్ని ఆపింది కూడా మనస్సాక్షి కాదు, జబ్బు.

1764లో పాస్టర్ అయ్యాడు. 1773 జనవరి 1 ఆరాధన కోసం ఆ పాట రాశాడు. అయినా బానిస వ్యాపారం తప్పని, అందులో తనూ ఉన్నానని పుస్తకం అచ్చేసి అందరి ముందు ఒప్పుకున్నది 1788లో. ఓడ దిగిన 34 ఏళ్లకి! ఈ ఒప్పుకోలు ఆలస్యమైందని తనే రాసుకున్నాడు. ప్రభుత్వ విచారణలో సాక్ష్యం కూడా చెప్పాడు. యువ ఎంపీ విల్బర్‌ఫోర్స్‌కి అండగా నిలిచాడు. 1807 మార్చిలో బ్రిటన్ బానిస వ్యాపారాన్ని నిషేధించింది. అదే డిసెంబర్‌లో, 82 ఏళ్ల వయసులో న్యూటన్ కన్నుమూశాడు.

ఇది చదువుతుంటే నా సంగతి గుర్తొచ్చింది. కాలేజీ రోజుల్లో ఒక ఫ్రెండ్ గురించి వాట్సాప్ గ్రూపులో అబద్ధం పెట్టా. తర్వాత భయమేసి డిలీట్ చేశా. అయిపోయిందనుకున్నా. కానీ చదివినవాళ్ల మనసులోంచి అది డిలీట్ కాలేదు కదా! తను అందరికీ దూరమైపోయింది.

దేవుడికి సారీ చెప్పుకోవడం తేలికే. ఎవరి ముందు పరువు తీశామో, వాళ్ల ముందే నిజం చెప్పడం కష్టం. ఈ వీడియో షూట్‌కి ముందు అదే గ్రూపులో నిజం రాశా. అందరూ చూశారు, ఎవరూ ఏమీ అనలేదు. తనకి విడిగా కూడా పంపా. ఇంకా బ్లూ టిక్ రాలేదు. రాకపోయినా నేను చెప్పాల్సిందే.

మీరు కూడా ఎవరికైనా బాకీ ఉంటే, 34 ఏళ్లు ఆగకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!